ఆరో లెక్క ముందు ఎంతసేపు కూర్చోగలరు?

జేఈఈ కోచింగ్‌లో ఆరితేరిన మన పిల్లలు గణిత ఒలింపియాడ్‌కు వచ్చేసరికి ఒకచోట తడబడతారు. జేఈఈలో లెక్క చూడగానే పద్ధతి తట్టాలి. తట్టకపోతే వదిలేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లాలి. అక్కడ ఆ అలవాటు మంచిదే. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో మాత్రం రోజుకు మూడే లెక్కలు, నాలుగున్నర గంటల సమయం. అలా రెండు రోజులు. వదిలేస్తూ పోతే పది నిమిషాల్లో పేపర్ అయిపోతుంది.

1988లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఇచ్చిన ఆరో లెక్కను చూడండి. రెండు ధన పూర్ణసంఖ్యలున్నాయి. వాటి లబ్ధానికి 1 కలిపితే వచ్చే సంఖ్య, వాటి వర్గాల మొత్తాన్ని నిశ్శేషంగా భాగిస్తోంది. అలాంటప్పుడు భాగఫలం వర్గ సంఖ్యే అవుతుందని నిరూపించాలి. పూర్తి మార్కులు 11 మందికే వచ్చాయి. ఆ ఏడాది స్వర్ణం గెలిచి, 2006లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న టెరెన్స్ టావోకు ఈ లెక్కలో 7కి 1 మార్కు వచ్చింది.

ఏమీ తోచనప్పుడు చిన్న సంఖ్యలు వేసి చూడాలి. 2, 8 తీసుకుంటే 68ని 17తో భాగించాలి: 4. 8, 30 తీసుకుంటే 964ని 241తో భాగించాలి: మళ్లీ 4. రెండు జతల్లోనూ 8 ఉంది, భాగఫలమూ ఒకటే. ఇది కంటబడాలంటే ఓపిగ్గా కాగితం నింపాలి, కొట్టేసినవి కూడా దాచుకోవాలి. ఇప్పుడు 8నీ, 4నీ అలాగే ఉంచి, రెండో సంఖ్యను తెలియనిదిగా అనుకుంటే వర్గ సమీకరణం వస్తుంది. దాని మూలాల మొత్తం 32. ఒకటి 30 అయితే రెండోది 2 కాక తప్పదు! పెద్ద జత నుంచి చిన్న జతకు దారి దొరికింది. ఈసారి 2ను ఉంచి 8ని మారిస్తే మూలాల మొత్తం 8, అంటే రెండో మూలం 0. ఒక సంఖ్య సున్నా అయితే భాగఫలం రెండోదాని వర్గమే. ఏ జతతో మొదలెట్టినా ఇలా దిగుతూ సున్నాకే చేరతామని, మధ్యలో రుణసంఖ్య రాదని చూపిస్తే రుజువు పూర్తవుతుంది. అది మీరే చేసి చూడండి.

మూలాల మొత్తం పదో తరగతి పాఠమే. అందుకే, కొత్త సూత్రాల కోసం పరుగెత్తడం కన్నా వారానికి ఒక కఠినమైన లెక్కను ఎంచుకుని దాంతోనే గడపమంటాను. రెండు రోజులైనా సొంతంగా తంటాలు పడకుండా సమాధానం తెరవొద్దు. తెరిచాక, పుస్తకం మూసి రుజువంతా మీ మాటల్లో మళ్లీ రాయండి; రాసేటప్పుడే లొసుగులు బయటపడతాయి. సగం దారి నడిచినా రాయాల్సిందే, దానికీ మార్కులుంటాయి.

మన దేశంలో ఈ ప్రయాణం ఐఓక్యూఎం (ఇండియన్ ఒలింపియాడ్ క్వాలిఫయర్ ఇన్ మ్యాథమెటిక్స్) పరీక్షతో మొదలవుతుంది. మూడు గంటల్లో 30 ప్రశ్నలు, జవాబులన్నీ సంఖ్యలే. రుజువులు రాయాల్సింది ఆ తర్వాత వచ్చే ప్రాంతీయ ఒలింపియాడ్ (ఆర్ఎంఓ), జాతీయ ఒలింపియాడ్ (ఐఎన్ఎంఓ)లలో. పాత పేపర్లు ముంబయిలోని హోమీ భాభా సెంటర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవడానికి ఆర్థర్ ఏంగెల్ రాసిన ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్ట్రాటజీస్’ మంచి పుస్తకం, కాకపోతే మొదట్లో కాస్త బరువనిపిస్తుంది.

ఐఎన్ఎంఓలో నెగ్గినవారికి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ డిగ్రీ ప్రవేశాల్లో రాతపరీక్ష నుంచి మినహాయింపు ఇస్తుంటారు. ఆ ఏటి ప్రకటనలో నిబంధనలు సరిచూసుకోండి. అంతదాకా వెళ్లలేకపోయినా బెంగ పడక్కర్లేదు. ఈ రెండు సంస్థల ప్రవేశ పరీక్షల్లోనూ రుజువులు రాయమనే ప్రశ్నలుంటాయి, వాటికి ఈ సాధనే పనికొస్తుంది.