గడిచిన ఏళ్లను అడుగు

భైంసా

బిడ్డా,

బైపోలార్ జబ్బు రకాలన్నీ పుస్తకంలో చదివినా, మనిషి ఎదురుగా కూర్చుంటే ఏది ఏదో అర్థం కావడం లేదని రాశావు. ఒక్కరోజు చూస్తే ఎవరికీ అర్థం కాదు. గడిచిన ఏళ్ల కథంతా వినాలి.

మొదటి రకాన్ని ఊరే గుర్తుపడుతుంది. నిద్ర లేకున్నా అలసట ఉండదు, మాటకు అడ్డు ఉండదు. పత్తి అమ్మిన పైసలు రెండు రోజుల్లో పంచేస్తాడు. దేవుడు తనతోనే మాట్లాడుతున్నాడంటాడు. ఇది మేనియా. కనీసం వారం ఉంటుంది, లేదా ఆసుపత్రిలో చేర్చేదాకా ముదురుతుంది. జన్మలో ఒక్కసారి వచ్చినా మొదటి రకమే. గాలి సోకిందని ఇంటివాళ్లు గుడికో దర్గాకో తీసుకుపోతే కసురుకోకు. మొక్కు తీర్చుకోనీ, మందు ఆగకుండా చూడు. గొలుసులతో కట్టేస్తే మాత్రం ఊరుకోకు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది.

నా బెంగంతా రెండో రకం మీద. ఇందులో హుషారు నాలుగు రోజులైనా ఉంటుంది కానీ సంసారాన్ని తలకిందులు చేయదు. కోడలు తెల్లవారకముందే లేచి ఇల్లంతా కడిగితే అత్త మురిసిపోతుంది. అది హైపోమేనియా అని ఎవరికి తోస్తుంది? దవాఖానకు తెచ్చేది ఆమె కుంగిపోయి, వారాల తరబడి మంచం దిగనప్పుడే. ఒట్టి డిప్రెషన్ అనుకొని ఆ మందు ఒక్కటే ఇస్తే కొందరికి మేనియా తన్నుకొస్తుంది. అందుకే కుంగిన ప్రతి మనిషినీ, వెంట వచ్చినవాళ్లనూ అడుగు: "నిద్ర లేకున్నా మస్తు హుషారుగ ఉన్న రోజులు ఎన్నడన్న ఉన్నయా?" రెండోది అన్నంత మాత్రాన తేలిక జబ్బు అనుకోకు. చావాలన్న ఆలోచన ఇందులోనూ వస్తుంది.

చిన్నచిన్న ఎత్తుపల్లాలు రెండేళ్లకు పైగా సాగితే సైక్లోథైమియా. ఏడాదిలో నాలుగుసార్లో అంతకు మించో దశలు మారితే రాపిడ్ సైక్లింగ్ అంటారు. అది మొదటి రకంలోనైనా, రెండో రకంలోనైనా రావచ్చు. దుఃఖం, ఉద్రేకం ఒకేసారి కమ్ముకునే మిశ్రమ దశ అన్నిటికన్నా భయపెడుతుంది. చావాలన్న కోరికకు అప్పుడు చేసే సత్తువ కూడా తోడవుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకు.

మందుల్లో లిథియం గురించి గట్టిగా నేర్చుకో. మేనియాను అది తగ్గిస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ రాశాడు. ఈనాటికీ ఆత్మహత్యల నుంచి కాపాడే మందుల్లో దానిదే పెద్దపీట. కానీ మోతాదు కొంచెం దాటినా విషమే. మన ఎండల్లో చెమట కారి, నీళ్లు తాగకుండా కూలికి పోతే రక్తంలో అది పెరిగిపోతుంది. ఉప్పు మానేసినా, నొప్పికి ఐబుప్రొఫెన్ మింగినా అంతే. చేతులు బాగా వణికినా, వాంతులు విరేచనాలైనా, నడక తూలినా వెంటనే డాక్టర్‌కు చూపించమను. లిథియం స్థాయి, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు తప్పనీయకు.

నయమైందని మందు మానేసినవాళ్లే ఎక్కువగా తిరగబెట్టుకొని వస్తారు. ఆ మాట ఇంటివాళ్లకు కూర్చోబెట్టి చెప్పు. 14416 అనేది టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు. రాత్రింబవళ్లు, తెలుగులోనే, పైసా ఖర్చు లేకుండా మాట్లాడతారు. నీ దగ్గరికొచ్చిన ప్రతి ఇంటికీ కాగితం మీద రాసివ్వు బిడ్డా.

నీ పెద్దమ్మ