చెంచా

పోలండ్ దేశంలోని క్రాకో నగరానికి పశ్చిమంగా ఒక చిన్న పట్టణం ఉన్నది. దానిని జర్మన్లు ఆష్విట్జ్ అని పిలిచారు. 1940లో నాజీలు అక్కడ నిర్బంధ శిబిరాన్ని నెలకొల్పారు. 1945 జనవరి 27న సోవియట్ సేనలు విముక్తి కలిగించేనాటికి అక్కడ దాదాపు 11 లక్షల మంది హతులయ్యారు. వారిలో సుమారు పది లక్షల మంది యూదులు. 1947 నుండి ఆ స్థలం స్మారక ప్రదర్శనశాలగా ఉన్నది.

కొన్నేళ్ల క్రితం ఒక శీతాకాలపు ఉదయం నేను ఆ ప్రాంగణంలో అడుగుపెట్టాను. అద్దాల వెనుక గుట్టలుగా పోసిన పాదరక్షలు, యజమానుల పేర్లు రాసిన పెట్టెలు, వంటపాత్రలు కనిపించాయి. పాత్రలు మోసుకొని వచ్చినవారు ఎక్కడో కొత్త కాపురం పెట్టబోతున్నామని నమ్మారు కదా!

ప్రాణాలు దక్కినవారి దినచర్య ఏమిటి? ఉదయం కాఫీ పేరిట చేదునీళ్లు, మధ్యాహ్నం దుంపలు ఉడికించిన పలుచని జావ, రాత్రి సుమారు 300 గ్రాముల రొట్టె. ఇటలీ దేశపు రసాయన శాస్త్రవేత్త ప్రీమో లెవీ 1944లో అక్కడికి బందీగా వచ్చాడు. అతని పేరుకు బదులుగా ముంజేతిపై 174517 అనే సంఖ్యను పచ్చబొట్టు పొడిచారు. కొత్తగా వచ్చిన బందీలకు చెంచా ఇచ్చేవారు కారనీ, జావను కుక్కల వలె నాలుకతో గతకవలసి వచ్చేదనీ, చెంచా కావాలంటే తినే రొట్టెను ఇచ్చి కొనుక్కోవలసి వచ్చేదనీ ఆయన రాశాడు. విముక్తి తరువాత గోదాములు తెరిచి చూస్తే వేలకొలది కొత్త చెంచాలు, బందీల సామానులోనుండి లాక్కొన్న ఉక్కు, వెండి చెంచాలు బయటపడ్డాయట. అంటే కొరత కాదు. మనిషిని పశువును చేయాలన్న సంకల్పం. నన్ను అన్నింటికంటె కలచివేసినది ఇదే.

చేతితో భుజించే మనకు చెంచా లేకపోవడం లోటుగా తోచకపోవచ్చు. కాని ఆ చేతిని కడుక్కొనడానికి అక్కడ శుభ్రమైన నీరు కూడా కరవు.

ఆ రాత్రి క్రాకోలో నా ముందు వేడి సూపు, పక్కన చెంచా పెట్టారు. మనసులో కృతజ్ఞత పొంగింది. వెనువెంటనే సిగ్గు కలిగింది. ఆ దుర్గతి నాకు పట్టలేదన్న ఊరటను కృతజ్ఞత అనవచ్చునా? అనరాదనే నా అభిప్రాయం. పరుల దుఃఖంతో తూచుకొన్న సుఖం అది.

ఇంటికి వచ్చిన తరువాత ఒక మార్పును గమనించాను. భోజనానికి ముందు కుళాయి తిప్పినప్పుడు నీటిచప్పుడు వినిపిస్తున్నది. అంతకు మునుపు అది నా చెవిన పడేది కాదు.