పంటచేలలో అడవిపందుల పర్యవేక్షణకు ట్రెయిల్ కెమెరా

పంటను పాడుచేసే అడవిజంతువులలో రైతు మొదట అనుమానించేది అడవిపందిని. అయితే తెల్లవారి చేనులో కనబడే నష్టమంతా దానిదే కాదు. మొక్కజొన్న కండెలను నక్కలు కూడా కొరుకుతాయి. వేరుశనగను ఏదుపందులు కూడా తవ్వుతాయి. గట్టి నేలపై గిట్టల జాడ పడదు. రాత్రివేళ వచ్చిన జంతువు ఏదో తేల్చడానికి ట్రెయిల్ కెమెరా ఉపకరిస్తుంది.

ఈ నిర్ధారణకు చట్టపరమైన ప్రాధాన్యం ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ ప్రకారం అడవిపంది రెండవ షెడ్యూలులో ఉన్నది. పంటకు ముప్పు కలిగించే ఈ షెడ్యూలు జంతువు వేటకు 11వ సెక్షను కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, అధీకృత అధికారి గాని కారణాలు చూపుతూ లిఖితపూర్వకంగా అనుమతించవచ్చు. అనుమతి లేని వేట నేరం. ఇక పందుల కోసమని చేనుచుట్టూ లాగే కరెంటు తీగకు మనుషులే బలవుతున్నారు.

కెమెరాలోని పి.ఐ.ఆర్. సెన్సరు జంతువును చూడదు. పరిసరాలకు భిన్నమైన వేడి గల వస్తువు కదలికను పసిగడుతుంది. అందువలన ఎండకు కాగిన ఆకులు గాలికి ఊగినా ఫోటో పడుతుంది. వేసవిలో పరిసరాల వేడి జంతువు దేహపు వేడికి దగ్గరైనప్పుడు ఎదురుగా పంది నడిచినా పడకపోవచ్చు. కెమెరాను చేను నడుమ కాక, పందులు లోనికి వచ్చే బాటవైపు, నేల నుండి సుమారు అర మీటరు ఎత్తున, ఉదయ సాయంకాలపు ఎండ సూటిగా తగలకుండా ఉత్తరముఖంగా అమర్చవలెను. ఎదుటి గడ్డిని కోసివేయవలెను. తేదీ, సమయం సరిచూడడం చిన్న పనే గాని, అది తప్పితే తక్కిన సమాచారమంతా వృథా.

విద్యార్థుల నివేదికలలో తరచు కనబడే దోషం ఫోటోల సంఖ్యను పందుల సంఖ్యగా భావించడం. బాట పక్కన నేల తవ్వుతూ నిలిచిన ఒక్క పంది పదుల కొలది ఫోటోలు ఇవ్వగలదు. అందుచేత ఫోటోల మధ్య కనీసం 30 నిమిషాల ఎడం ఉన్నప్పుడే వేరొక రాకగా లెక్కించడం పరిపాటి. ఒక కెమెరా 20 రాత్రులలో 240 ఫోటోలు తీసినదనుకుందాం. ఈ నియమం ప్రకారం అవి 12 రాకలే అయితే సూచిక రాత్రికి 0.6. కంచె వేసిన తరువాత ఇది 0.2కు తగ్గినా ఘనత కంచెదేనని వెంటనే చెప్పరాదు. పంట దశ మారినా పందుల రాక మారుతుంది. కనుక అదే పంట, అదే దశలో ఉండి కంచె లేని మరొక చేనులోనూ కెమెరా ఉంచవలెను. ఆనుకొని ఉన్న చేను ఇందుకు పనికిరాదు: కంచె వద్ద మళ్లిన పందులు అందులోకే పోగలవు.

0.6 అనేది రాకల సూచికే గాని జనాభా కాదు. ప్రతి పులి చారలూ వేరు గనుక, 1990వ దశకంలో నాగర్‌హొళెలో ఉల్లాస్ కారంత్ కెమెరా ఫోటోలతో పులుల సంఖ్యను అంచనా వేయగలిగారు. అమెరికాలో తెల్లతోక జింక పోతులను కొమ్ముల ఆకృతినిబట్టి గుర్తిస్తారు. అడవిపందికి అటువంటి గుర్తులేవీ లేవు. ఎర వేసి ఫోటోలు తీస్తే సూచిక మరింత పెరుగుతుంది; ఎర వేసిన చోటును, వేయని చోటుతో పోల్చరాదు.

విస్తరణ సిబ్బందికి తక్షణం అక్కరకు వచ్చేది ఫోటోలపై ముద్రితమయ్యే సమయం. గంటల వారీగా పట్టిక వేస్తే పందులు ఏ వేళ, ఏ గట్టు మీదుగా దిగుతున్నవో తెలుస్తుంది; రైతు రాత్రంతా మంచెపై మేలుకొనవలసిన అవసరం కొంతైనా తగ్గుతుంది.