ఒకే క్రియకు రెండు అనువాదాలు: ఇంగ్లీషు – స్పానిష్ క్రియాపదాల పరిశీలన

ఒక భాషలోని క్రియాపదానికి వేరొక భాషలో సమానపదం ఒక్కటే ఉంటుందని భావించుట అనువాదంలో తరచు కనిపించే భ్రమ. వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణాలని భారతీయ శాస్త్రకారులు ప్రతిపాదించినారు. క్రియ తన అర్థాన్ని తానొక్కటే మోయదు. తాను ఆకాంక్షించే కర్మతో, ఉపవాక్యంతో కలిసి మోస్తుంది. ఇంగ్లీషులో ఒకే రూపంగా కనిపించే క్రియను స్పానిష్‌లోనికి మార్చునపుడు ఈ సత్యం ప్రత్యక్షమవుతుంది.

స్పానిష్‌కు వ్యాకరణ సంప్రదాయం ప్రాచీనమైనది. ఆంతోనియో దె నెబ్రిహా రచించిన కస్తీలియన్ వ్యాకరణం 1492లో వెలువడినది. సుమారు 20 దేశాలలో రాజభాషగా ఉన్న ఈ భాషను తెలుగు విద్యార్థి సాధారణంగా ఇంగ్లీషు నిఘంటువుల ద్వారానే అభ్యసిస్తాడు. అందువల్ల ఒక విచిత్రం సంభవిస్తున్నది. స్పానిష్ పాటించే భేదాలు కొన్ని తెలుగులోనూ, సంస్కృతంలోనూ ఉన్నవి. నడుమ నిలిచిన ఇంగ్లీషు వాటిని కప్పివేస్తున్నది. మూడు క్రియల ద్వారా ఈ విషయాన్ని పరిశీలించుట ప్రస్తుత వ్యాసోద్దేశం. స్పానిష్ పదాలకు ఇక్కడ లాటిన్ అమెరికా ఉచ్చారణ అనుసరింపబడినది.

1. అడుగుట

ఇంగ్లీషులోని 'ఆస్క్' అనే క్రియకు స్పానిష్‌లో రెండు క్రియలు కలవు. వస్తువునో ఉపకారాన్నో కోరుట 'పెదీర్'. సమాచారాన్ని కోరుట 'ప్రెగుంతార్'. మంచినీళ్లు అడిగినపుడు 'పిదియో ఆగ్వా' అనాలి. ధర అడిగినపుడు 'ప్రెగుంతో ఎల్ ప్రెసియో' అనాలి. సంస్కృతంలో యాచ్, ప్రచ్ఛ్ ధాతువుల నడుమగల భేదం ఇదే. అష్టాధ్యాయిలోని 1-4-51 సూత్రానికి వ్యాఖ్యాతలు కూర్చిన ద్వికర్మక ధాతువుల పట్టికలో ఈ రెండూ వేర్వేరుగానే పరిగణింపబడినవి.

తెలుగులో 'అడుగు' ధాతువు ఈ రెండర్థాలనూ భరిస్తుంది. కనుక ఇక్కడ తెలుగు కూడా ఇంగ్లీషు వలెనే అస్పష్టమని తోచవచ్చును. ఉపవాక్యాన్ని చూచినపుడు ఆ సందేహం తొలగుతుంది. "రమ్మని అడిగెను" అన్నచోట విధ్యర్థక రూపం ఉన్నది, అది 'పెదీర్'. "వస్తావా అని అడిగెను" అన్నచోట ప్రశ్నార్థక రూపం ఉన్నది, అది 'ప్రెగుంతార్'. స్పానిష్‌లోనూ 'పెదీర్' తరువాత వచ్చే ఉపవాక్యంలో క్రియ సంభావనార్థక రూపాన్ని పొందుతుంది. 'ప్రెగుంతార్' తరువాత 'సి' అనే సందేహార్థకావ్యయమో, ప్రశ్నార్థక పదమో వస్తుంది. క్రియ ఒకటే అయినా తెలుగు వాక్యనిర్మాణం భేదాన్ని దాచుకొనియే ఉన్నది. అయితే "ప్రశ్న అడిగెను" అను వాక్యానికి ఈ రెండు క్రియలూ తగవు. 'చేయు' అనే అర్థంగల 'అసేర్' క్రియతో ప్రశ్న చేసినట్లుగా చెప్పుట స్పానిష్ నుడికారం.

2. తెలియుట

తెలియు అనే అర్థంగల ఇంగ్లీషు 'నో' క్రియకు 'సబేర్', 'కొనొసేర్' అని రెండు సమానపదాలు కలవు. వీనిలో 'కొనొసేర్' లాటిన్ 'కొగ్నోస్కెరె' నుండి వచ్చినది. ఇంగ్లీషు క్రియా, ఈ లాటిన్ క్రియా సంస్కృత జ్ఞా ధాతువుకు జ్ఞాతులు. 'సబేర్' పుట్టుక వేరు. లాటిన్‌లో 'సపెరె' అనగా రుచి కలిగియుండుట, వివేకం కలిగియుండుట. నేటి స్పానిష్‌లోనూ ఒక పదార్థం ఫలానా రుచిగా ఉన్నదని చెప్పుటకు 'సబేర్' వాడుకలో ఉన్నది.

వ్యుత్పత్తిని బట్టి జ్ఞా ధాతు సంబంధి అయిన 'కొనొసేర్' పదాన్నే ఇంగ్లీషు క్రియకు ఎల్లెడలా వాడవచ్చునని అనుకొనుట పొరపాటు. వ్యక్తితో, ప్రదేశంతో, గ్రంథంతో పరిచయాన్ని చెప్పునది 'కొనొసేర్'. విషయజ్ఞానాన్ని, నేర్పును చెప్పునది 'సబేర్'. తెలుగులో ఈ రెండవ భాగం మరల విడిపోతుంది. విషయమైతే "తెలుసు" అంటారు. నేర్పు అయితే "వచ్చు" అంటారు. "నాకు ఈత వచ్చు" అనుటకు 'సే నదార్' అన్నది సరియైన అనువాదం. "ఆ పద్యం నాకు తెలుసు" అన్నచో పరిచయం మాత్రమే, కనుక 'కొనొసేర్'. "ఆ పద్యం నాకు వచ్చు" అన్నచో కంఠస్థమని అర్థం, కనుక 'సబేర్'. ఇంగ్లీషు క్రియ ఒక్కటే చూచి అనువదించువానికి ఈ భేదం దొరకదు. పద్యం వచ్చినవానికీ, పద్యం విన్నవానికీ మధ్య అంతరం అతని చేతిలో మాసిపోతుంది.

'ఎరుగు' ధాతువు 'కొనొసేర్' పదానికి సన్నిహితమైనది. "ఆయనను ఎరుగుదును" అన్నపుడు వ్యక్తి ద్వితీయా విభక్తిలో ఉంటాడు. స్పానిష్‌లోనూ వ్యక్తి కర్మ అయినపుడు దానికి ముందు 'ఆ' అనే విభక్త్యర్థకం చేరుతుంది. ఊరి పేరుకు చేరదు. జడవాచకాలకు ద్వితీయ స్థానంలో ప్రథమ బహుళంగా వచ్చునని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన నియమం తెలిసినవానికి ఈ చేతనాచేతన భేదం కొత్త కాదు. అయితే "నిజమెరుగుదును" వంటి ప్రయోగాలున్నందున 'ఎరుగు' అన్నిచోట్లా 'కొనొసేర్' కాదు.

కాలభేదం మరొక మెలిక. స్థితిని చెప్పే 'సబీయా' రూపానికి "అప్పటికే తెలుసు" సరిపోతుంది; ఘటనను చెప్పే 'సూపే' రూపానికి "తెలిసినది" సరిపోతుంది. అట్లే 'కొనొసీ' అనగా "ఎరిగియుంటిని" అని కాక, సాధారణంగా "పరిచయమైనది" అని అర్థం. ఒక పాత్రకు రహస్యం మునుపే తెలుసునా, అప్పుడే తెలిసినదా అన్నదానిపై కథాగమనమే ఆధారపడవచ్చును.

3. ఉండుట

ఇంగ్లీషు 'బి' క్రియకు 'సేర్', 'ఎస్తార్' అనునవి సమానపదాలు. 'సేర్' రూపాలలో లాటిన్ 'ఎస్సె', 'సెదెరె' అనే రెండు క్రియలు కలిసిపోయినవి. ఇవి సంస్కృత అస్, సద్ ధాతువుల బంధువులు. 'ఎస్తార్' లాటిన్ 'స్తారె' నుండి వచ్చి స్థా ధాతువుతో చుట్టరికం కలిగియున్నది. శాశ్వతమైనదానికి 'సేర్', తాత్కాలికమైనదానికి 'ఎస్తార్' అని ప్రారంభ పాఠాలలో బోధించుట కద్దు. కాని మరణించినవానిని గురించి స్పానిష్ 'ఎస్తా ముఎర్తో' అంటున్నది. మరణం కంటె శాశ్వతమేమున్నది? ఒక ఘటన వల్ల ఏర్పడిన స్థితిని 'ఎస్తార్' చెప్పుటయే ఇందుకు కారణం.

తెలుగువానికి ఇంతకంటె మేలైన ఆధారం తన భాషలోనే ఉన్నది. "అతడు వైద్యుడు" అన్న వాక్యంలో క్రియ లేదు, అక్కడ 'సేర్'. "అతడు ఇంట్లో ఉన్నాడు" అన్న వాక్యంలో 'ఉండు' ఉన్నది, అక్కడ 'ఎస్తార్'. "మంచు చల్లనిది" అన్నపుడు 'సేర్'. "పులుసు చల్లగా ఉన్నది" అన్నపుడు 'ఎస్తార్'. వస్తువు ఉన్న చోటును 'ఎస్తార్' చెప్పినా, వేడుక జరిగే చోటును 'సేర్' చెబుతుంది. "పెళ్లి తిరుపతిలో" అని తెలుగులోనూ క్రియ లేకుండ చెప్పవచ్చును గదా. అయితే ఈ ఆధారానికీ పరిమితి కలదు. "ఆమె అందంగా ఉంటుంది" అన్నచో 'ఉండు' ఉన్నప్పటికీ స్వభావకథనం కనుక 'సేర్' రావలెను. "ఈ రోజు అందంగా ఉన్నది" అన్నచో 'ఎస్తార్' రావలెను.

ఈ ఎంపికలో తప్పితే అర్థమే తారుమారవుతుంది. 'ఎస్ అబుర్రీదో' అనగా అతడు ఇతరులకు విసుగు పుట్టించేవాడు. 'ఎస్తా అబుర్రీదో' అనగా అతనికే విసుగుగా ఉన్నది. 'ఎస్ లిస్తో' అనగా తెలివైనవాడు. 'ఎస్తా లిస్తో' అనగా సిద్ధంగా ఉన్నవాడు.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల రెండంశాలు తేలుతున్నవి. మొదటిది: సమానపదాన్ని నిర్ణయించునది క్రియ ఒక్కటే కాదు, దాని కర్మ, ఉపవాక్యం, కాలరూపం కూడా. కనుక ద్విభాషా నిఘంటువులు క్రియకు అర్థాలను వరుసగా పేర్చుటతో తృప్తిపడక, ఏ కర్మతో ఏ పదం వచ్చునో చూపవలెను. రెండవది: మధ్యభాష ద్వారా అనువదించువాడు ఆ భాష కలిపివేసిన భేదాలను విడదీయుటకు మరల మూలాన్ని ఆశ్రయింపవలెను. స్పానిష్ సాహిత్యం తెలుగు పాఠకునకు ప్రధానంగా ఇంగ్లీషు ద్వారానే అందుతున్నందున ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇంగ్లీషు పుటలో ఒకే క్రియ కనిపించినచోట, మూలంలో ఏ క్రియ ఉన్నదో చూచుకొన్న అనువాదకునకు 'తెలుసు', 'ఎరుగుదును', 'వచ్చు' అనే మూడు మాటలు సిద్ధంగా ఉన్నవి. వానిని వాడక విడుచుట మూలానికే కాక తెలుగుకును నష్టం.