చీటీలో చివరి మందు

గుంటూరు

అమ్ములూ,

నువ్వు అడిగిన సంగతి ఫోన్లో తేల్చేది కాదని ఉత్తరం రాస్తున్నాను. విశాఖ కాన్ఫరెన్స్‌కి రిజిస్ట్రేషన్, హోటల్ గది ఒక కంపెనీ వాళ్ళు చూసుకుంటామన్నారని, మీ సీనియర్లు అప్పుడే ఒప్పుకున్నారని చెప్పావు. "వాళ్ళ మందు రాస్తానని నేనేం మాట ఇవ్వలేదు కదా, ఇందులో తప్పేముంది?" అన్నావు. మాట ఎవరూ ఇవ్వరు తల్లీ. వాళ్ళూ అడగరు. అడగకుండానే జరిగిపోయే వ్యవహారం ఇది.

ముందు నియమం సంగతి. కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం, డబ్బు పుచ్చుకోకూడదని 2009 డిసెంబరులోనే అప్పటి మెడికల్ కౌన్సిల్ డాక్టర్లకు చెప్పింది. 2024 మార్చిలో కేంద్ర ఔషధ విభాగం తెచ్చిన నియమావళి కంపెనీల వైపు నుంచి అదే మాట చెప్పింది: సభలో ప్రసంగించేవాళ్ళకు తప్ప మిగతా డాక్టర్లకు టికెట్లు, హోటల్ గదులు ఇవ్వకూడదు. కాబట్టి నీ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో వచ్చేసింది. కానీ నియమం ఉంది కదా అని మాత్రమే మానేసేవాళ్ళు, చూసేవాళ్ళు లేకపోతే మళ్ళీ మొదలుపెడతారు. నువ్వు కారణం తెలిసి మానెయ్యాలని నా కోరిక.

అమెరికాలో నీలాగే జనరల్ మెడిసిన్ చదువుతున్న రెసిడెంట్లను కొందరు పరిశోధకులు అడిగిన ప్రశ్న ఒకటుంది. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కంపెనీల ప్రచారం మీ మీద పనిచేస్తుందా అంటే, 61 శాతం మంది మా మీద పనిచేయదన్నారు. మరి మిగతా డాక్టర్ల మీద? పనిచేయదన్నవాళ్ళు 16 శాతమే. పక్కవాడు లొంగుతాడు, నేను లొంగను అని అంతమంది ఒకేసారి నమ్ముతున్నారంటే, వాళ్ళలో చాలామంది లెక్క తప్పాలి కదా. 2016లో వచ్చిన ఇంకో అధ్యయనం అక్కడి ప్రభుత్వ బీమా లెక్కల్ని, కంపెనీలు డాక్టర్లకు పెట్టిన ఖర్చుల లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూసింది. సగటున 20 డాలర్లు కూడా చేయని ఒక్క పూట భోజనం తిన్నవాళ్ళలో సైతం ఆ కంపెనీ బ్రాండ్ రాయడం ఎక్కువగా కనిపించింది. భోజనాలు పెరిగినకొద్దీ ఆ తేడా కూడా పెరిగింది. భోజనమే కారణమని అది రుజువు చేయలేదు, ఆ మాట అధ్యయనం చేసినవాళ్ళే చెప్పారు. అయినా నాకు ఆశ్చర్యం కలగలేదు. చేయి కడిగిన ఇంటిని మరిచిపోకూడదని మిమ్మల్ని పెంచాం. ఆ మంచి గుణాన్నే వాళ్ళు వాడుకుంటారు. లంచమని తెలిస్తే నువ్వు ఛీ అంటావు. ఆదరణగా వస్తే కాదనలేవు.

దగ్గరగా చూడు, నీకే తెలుస్తుంది. మందుల కంపెనీ ప్రతినిధి, అదే మీరనే రెప్, డాక్టరు గదిలో ఉండేది రెండు మూడు నిమిషాలు. విజువల్ ఎయిడ్ తిప్పుతాడు, రెండు శాంపిళ్ళు బల్ల మీద పెడతాడు, "కొంచెం సపోర్ట్ చేయండి మేడమ్" అంటాడు. అక్కడి నుంచి నేరుగా పక్కనున్న మెడికల్ షాపుకు వెళతాడు. కౌంటర్ దగ్గర నిలబడి, మేడమ్ గారు మాది రాస్తున్నారా, ఎదుటి కంపెనీది రాస్తున్నారా, వారానికి ఎన్ని స్ట్రిప్పులు కదులుతున్నాయి అని అడిగి రాసుకుంటాడు. వాళ్ళ వాడుకలో దీని పేరు ఆర్‌సీపీఏ. ఆ లెక్క మేనేజరు దాకా పోతుంది. నీ చీటీ నీకూ రోగికీ మధ్య విషయమని నువ్వు అనుకుంటూ ఉంటావు. ఎవరికి కాన్ఫరెన్స్ ఇవ్వాలి, ఎవరికి పెన్నుతో సరిపెట్టాలి అన్నది ఆ లెక్కను బట్టే తేలుతుంది.

అలాగని ఆ కుర్రాడి మీద కోపం పెట్టుకోకు. నెల టార్గెట్ మీద బతికే ఉద్యోగం అతనిది. ఎండలో బండి మీద తిరిగి వచ్చి ఓపీ అయ్యేదాకా వరండాలో నిలబడతాడు. కూర్చోమని చెప్పు, మంచినీళ్ళివ్వు, అండీ అని మాట్లాడు. మర్యాద ఇవ్వడానికి చీటీ ఇవ్వనక్కర్లేదు.

ఈ ఖర్చంతా ఎవరు భరిస్తారన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎపెక్స్ లేబొరేటరీస్ అనే కంపెనీ జింకోవిట్ ప్రచారం కోసం డాక్టర్లకు బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌లు, లాప్‌టాప్‌లు, కాన్ఫరెన్స్ ఫీజులు ఇచ్చింది. ఆ 4 కోట్ల 72 లక్షల పైచిలుకును వ్యాపార ఖర్చుగా చూపి ఆదాయపు పన్నులో మినహాయింపు అడిగింది. పుచ్చుకోకూడదన్న నియమం డాక్టర్లకే గానీ ఇచ్చే మాకు కాదు కదా అని వాదించింది. 2022 ఫిబ్రవరి 22న కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రోగికి డాక్టరు రాసిందే వేదం, ఆ కానుకల ఖర్చు మందు ధరలో కలిసి చివరికి రోగి నెత్తినే పడుతుంది అన్నది ఆ తీర్పు సారం.

జింకోవిట్ విటమిన్ల మాత్ర అని గమనించావా? ఇలాంటివి చీటీలో చివరి వరుసలో చేరతాయి, "బలానికి" అని. హాని లేదు కదా అని మన చేయి సులువుగా రాసేస్తుంది. మీ ఆసుపత్రిలో లేని మందులు బయటికి రాసినప్పుడు ఏం జరుగుతుందో చూడాలంటే ఒక సాయంత్రం ఎదురుగా ఉన్న మెడికల్ షాపు దగ్గర కాసేపు నిలబడు. కూలికి వెళ్ళే మనిషి చీటీ ఇచ్చి ఎంతవుతుందని అడుగుతాడు. చెప్పగానే జేబు తడుముకుని, "అన్నీ వద్దులే అన్నా, ముఖ్యమైనవి రెండు రోజులకియ్యి" అంటాడు. ఏవి ముఖ్యమో తేల్చేది అప్పుడు కౌంటర్లో ఉన్న కుర్రాడు. బలం మాత్రల డబ్బా పట్టుకుపోయి బీపీ మాత్ర వదిలేసిన వాళ్ళను నేను చూశాను. మాత్ర మానేసిన మనిషి కాలూ చేయీ పడిపోయి వార్డుకు వస్తే, ఆ చివరి వరుస రాసిన వాళ్ళకు అందులో పాలు లేదని నేననను.

ధర కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది చదువు సంగతి. 1980లో ఒక పెద్ద అమెరికన్ వైద్య పత్రికలో అయిదు వాక్యాల చిన్న లేఖ వచ్చింది. ఆసుపత్రిలో ఉండి నల్లమందు జాతి మందులు వాడిన 11,882 మందిలో నలుగురికే వ్యసనంగా మారినట్టు కనిపించిందని అందులో ఉంది. ఇంటికి వెళ్ళి నెలల తరబడి వాడేవాళ్ళ గురించి అది ఒక్క ముక్క చెప్పలేదు. 1996లో పర్డ్యూ కంపెనీ ఆక్సీకాంటిన్‌ను మార్కెట్లోకి తెచ్చాక, వ్యసన భయం చాలా తక్కువన్న ప్రచారానికి అలాంటి ఆధారాలే మెట్లయ్యాయి. ఆ లేఖను 600కు పైగా వ్యాసాలు ఉదహరించాయని, చాలామంది అది ఆసుపత్రి రోగుల లెక్క అన్న మాటే వదిలేశారని 2017లో లెక్క తీశారు. మందును తప్పుదోవ పట్టించేలా ప్రచారం చేశామని ఆ కంపెనీ 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. ఈలోగా ఎన్ని ఇళ్ళు కూలాయో! ఆ మందు రాసిన డాక్టర్లలో చాలామంది దుర్మార్గులు కారు. నొప్పితో వచ్చిన మనిషికి మేలు చేస్తున్నామనే నమ్మారు. ఎవరో రంగుల కాగితం మీద చెప్పింది విన్నారు, అసలు కాగితం తెరిచి చూడలేదు. నువ్వు మాత్రం తెరిచి చూడు. రెప్ గ్రాఫ్ చూపించినప్పుడు అధ్యయనం పేరు అడిగి రాసుకో, రాత్రి లైబ్రరీలో మొత్తం చదువు. ఎవరితో పోల్చారు, ఎన్నాళ్ళు చూశారు, డబ్బు ఎవరు పెట్టారు. కొత్త మందు నిజంగా మంచిదైతే ఆ చదువులోనే తేలుతుంది, అప్పుడు సంకోచం లేకుండా రాయి. కంపెనీలు తెచ్చిన మంచి మందుల వల్లే మన వార్డుల్లో బతికి ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు, ఆ మాట కాదనను.

కాన్ఫరెన్స్‌కి తప్పకుండా వెళ్ళు. పీజీలకు రాయితీ ఫీజు ఉందేమో కనుక్కో, ఉంటే ముందుగానే కట్టు. నువ్వూ నీ రూమ్మేటూ రాత్రి రైలుకు వెళ్ళి మన పెద్దమామయ్య ఇంట్లో దిగండి. డబ్బు నేను పంపుతాను, నా దగ్గర మొహమాటం వద్దు. మీ సీనియర్ల ముందు ఉపన్యాసం ఇవ్వకు. "నాకు బంధువులున్నారండీ, గది అవసరం లేదు" అంటే చాలు, అదీ నిజమే.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. నువ్వు ఎక్కువగా రాసే పది మందులు జనరిక్ పేర్లతో కాగితం మీద వేసుకో. 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో 384 ఉన్నాయి, నీవి అందులో ఎన్ని ఉన్నాయో టిక్కు పెట్టు. తర్వాత ఫోన్లో ఫార్మా సహీ దామ్ యాప్ తెరిచి అదే మందు ఏ బ్రాండ్ ఎంతకు వస్తుందో చూడు, జన ఔషధి షాపులో ధర కనుక్కో, మీ ఎదుటి షాపులో ఇచ్చే బ్రాండ్ ధర కూడా పక్కన రాయి. చవకది దొరికింది కదా అని వెంటనే మార్చెయ్యకు, నాణ్యత గురించి మీ ఫార్మకాలజీ మేడమ్‌ని అడుగు. బీపీ, షుగర్ మందులు ముందు చూడు, అవి రోగి బతికినన్నాళ్ళూ కొనాల్సినవి. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు, ఫోన్లో కూర్చుని ఒక్కొక్కటీ మాట్లాడుకుందాం.

మీ అమ్మమ్మ