ఆల్చిప్పల సహజ జిగురు: వైద్యరంగంలో వినియోగ అవకాశాలు

పరిచయం

శస్త్రచికిత్సలో కోతను మూయడానికి కుట్లతో పాటు జిగురులను కూడా వాడతారు. సయనోఅక్రిలేట్ జిగురు గట్టిగా పట్టినా బిరుసుగా ఉండడం వల్ల ప్రధానంగా చర్మం పైభాగానికే పరిమితమైంది. రక్తం నుండి తయారయ్యే ఫైబ్రిన్ జిగురు శరీరానికి సరిపడుతుంది గాని దాని పట్టు తక్కువ. రక్తంతో తడిసిన కణజాలంపై నిలిచే జిగురు అవసరం. అలల తాకిడికి చెదరక తీరపు రాళ్ళను పట్టుకొని జీవించే ఆల్చిప్పలు ఇందుకు మార్గం చూపుతున్నాయి.

అతుక్కునే విధానం

ఆల్చిప్ప తన పాదంలోని గ్రంథుల నుండి ప్రోటీన్లను స్రవించి బిస్సస్ పోగులుగా మలచుకుంటుంది. నీలి ఆల్చిప్ప జిగురు ప్రోటీన్‌లో డోపా అనే అమైనో ఆమ్లం ఉన్నట్లు 1981లో హెర్బర్ట్ వైట్, మార్విన్ టాంజర్ వెల్లడించారు. డోపాలోని కాటెకాల్ భాగం తడి ఉపరితలానికి అంటుకుంటుంది; ఆక్సీకరణ చెందినపుడు ప్రోటీన్లను ఒకదానితో ఒకటి బంధిస్తుంది. ఆక్సీకరణ ముందుగానే జరిగితే ఉపరితలంపై పట్టు తగ్గుతుంది. ఆల్చిప్ప ఆమ్లగుణం గల స్రావంతో దీనిని అదుపు చేస్తుంది. పచ్చిరొట్ట పైరుగా పరిచితమైన దూలగొండి గింజల్లోనూ డోపా లభిస్తుంది.

వైద్య ఉపయోగాలు

ఒక గ్రాము జిగురు ప్రోటీన్‌కు సుమారు 10,000 ఆల్చిప్పలు కావాలని అంచనా. కాబట్టి వాటిని సేకరించడం కంటే వాటి రసాయన సూత్రాన్ని అనుకరించడమే మేలు. రొయ్య, పీత పెంకుల నుండి లభించే కైటోసాన్‌కు కాటెకాల్ జోడించి, సూదులపై పూతగా వాడి కొరియా శాస్త్రవేత్తలు 2017లో ఫలితాలు ప్రకటించారు. సూది గుచ్చిన చోట రక్తస్రావం ఆగినట్లు జంతువులపై ప్రయోగాల్లో తేలింది. హీమోఫిలియా గల ఎలుకల్లోనూ ఇదే ఫలితం కనిపించింది.

స్థానిక అవకాశాలు

రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానంలో ఉంది. శుద్ధి కర్మాగారాల్లో మిగిలే పెంకులను ఆమ్లంతో, క్షారంతో శుద్ధి చేస్తే కైటిన్, దాని నుండి కైటోసాన్ లభిస్తాయి. హైదరాబాద్ తూర్పు భాగంలో పరిశోధనకు కావలసిన వనరులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ వద్ద సి.సి.ఎం.బి., ఉప్పల్‌లో సి.డి.ఎఫ్.డి., సమీపాన తార్నాకలో ఐ.ఐ.సి.టి., నాచారం పారిశ్రామికవాడలో ఔషధ సంస్థలు నెలకొన్నాయి.

ముగింపు

వైద్యశ్రేణి కైటోసాన్ నాణ్యత పెంకుల సేకరణతోనే మొదలవుతుంది. పెంకులను కుళ్ళకముందే కడిగి ఆరబెట్టాలి. ప్రోటీన్ అవశేషాలు మిగిలితే అలర్జీ ముప్పు ఉంటుంది. రోగులపై వాడకానికి ముందు భద్రతా పరీక్షలు, 2017 వైద్య పరికరాల నియమావళి ప్రకారం అనుమతి తప్పనిసరి. తీరంలోని ముడిసరుకును ప్రయోగశాలతో అనుసంధానించడంలో విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర కీలకం.