కాఫీ హోటలునకు బీమా

1666వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారుజామున లండను నగరములో పుడ్డింగ్ లేన్ అను నొక యిరుకు సందునందలి రొట్టెల దుకాణములో నిప్పు పుట్టి, నాలుగు దినములు మండి, ఇంచుమించు 13,000 ఇండ్లను 87 చర్చీలను దహించెను. పదునైదేండ్లు గడచునంతలో నికొలస్ బార్బన్ అను నతడు ఆ నగరముననే ఇండ్లకు అగ్నిబీమా చేయు కార్యాలయమును తెరచెను. ఆ కాలముననే ఎడ్వర్డు లాయిడ్ అను మరియొకడు అచ్చట కాఫీ అంగడి పెట్టగా, ఓడల యజమానులును వర్తకులును అందు కూర్చుండి, సముద్రముపై పోవు సరకులకు ఒకరికొకరు పూచీలు వ్రాసికొనుచు వచ్చిరి. లోకప్రసిద్ధమైన లాయిడ్సు సంస్థకు ఆ కాఫీ అంగడి పేరే నిలిచినది. కావున అగ్నిబీమాకు రొట్టెల పొయ్యియు, ఓడల బీమాకు కాఫీ అంగడియు పుట్టినిండ్లని చెప్పుట అతిశయోక్తి గాదు. అట్లుండగా నేడు మన యూళ్లలో కాఫీ హోటళ్లును మిఠాయి దుకాణములును పెక్కులు బీమా లేకయే నడచుచుండుట వింతగా నున్నది.

మన దేశమున ప్రాణబీమా గాక యితరములైన బీమాలు చేయుటకై 1850లో కలకత్తా నగరమున ట్రైటన్ కంపెనీ వెలసెను. 1973 జనవరి 1 నుండి యీ వ్యాపారము ప్రభుత్వపరమై నాలుగు కంపెనీల చేతిలో నుండి, 2000 తరువాత మరల ప్రైవేటు కంపెనీలకు తెరువబడెను. వీని నన్నిటిని అదుపులో నుంచు అధికార సంస్థ హైదరాబాదుననే యున్నది. చరిత్ర యింతతో చాలును. మన విద్యార్థులలో పెక్కురు రేపు ఏదో యొక చిన్న వ్యాపారము పెట్టుకొనువారే గాన, వారికి కావలసిన సంగతిని విచారింతము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడును, 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరును ముంచినప్పుడును చెడినవి యిండ్లు మాత్రమే కావు. కిరాణా కొట్లు, టిఫిను దుకాణములు, కుట్టుపని కొట్లు కూడ చెడినవి. మోటారు బండికి బీమా లేనిదే వీధికి తేరాదని శాసనము కలదు. కావున బండికి బీమా చేయింతుము. ఆ బండిని కొనియిచ్చిన దుకాణమునకు అట్టి నిర్బంధము లేదు, కావున మరతుము. ఇది మానవస్వభావము.

బీమాను ఎన్నుకొనునప్పుడు చాలమంది మొదట అడుగు ప్రశ్న “ప్రీమియము ఎంత?” అనునది. మా అభిప్రాయమున మొదటి ప్రశ్న అది కాదు. “ఏ నష్టము వచ్చిన మన దుకాణము మరల తెరచుకొనదు?” అనునదే మొదటి ప్రశ్న. పగిలిన గాజు గ్లాసులకు, చెడిన ఒక ఫ్యానునకు బీమా అక్కర లేదు. నాటి రాబడిలోనే అవి తీరిపోవును. వంటిల్లు కాలుట, వరద వచ్చుట, తిన్నవారు జబ్బుపడి దావా వేయుట, పనివాడు నూనెలో కాలుట అట్టివి కావు. వీనిలో నేది వచ్చినను పదేండ్ల కష్టము ఒక పూటలో పోవును. పెద్ద నష్టములకు బీమా చేయించి చిన్న నష్టములను తామే భరించుకొనుట తెలివి. మనవారు దీనికి విరుద్ధముగా చేయుటయు కలదు.

ఒక కాఫీ హోటలును ఊహించుకొందము. ఇల్లు అద్దెది. పొయ్యిలు, బాణలులు, గ్యాసు గొట్టములు మొదలగు వంటింటి సామగ్రి 6 లక్షల రూపాయలు. ఫ్రిజ్జులు, పిండి రుబ్బు గ్రైండర్లు 4 లక్షలు. బల్లలు, కుర్చీలు, గోడలకు చేయించిన చెక్కపని 7 లక్షలు. దీపములు, తీగెలు, బోర్డు 2 లక్షలు. బియ్యము, పప్పు, నూనె మున్నగు సరకులు 1 లక్ష. మొత్తము 20 లక్షలు. యజమాని బ్యాంకులో 8 లక్షలు అప్పు తెచ్చెను. అప్పిచ్చునప్పుడు బ్యాంకువారు 8 లక్షలకు బీమా చేయించి, ప్రీమియమును అతని ఖాతాలోనే వ్రాసికొనిరి. “నాకు బీమా ఉన్నది గదా” యని యతడు నిశ్చింతగా నుండెను.

ఒకనాడు బాణలిలోని నూనె మండి వంటింటిలో సగము కాలెను. నష్టము 5 లక్షలు. బీమా 8 లక్షలకున్నది గాన 5 లక్షలును వచ్చునని యజమాని లెక్క. కంపెనీవారి లెక్క వేరు. ఇరువది లక్షల సొత్తుకు ఎనిమిది లక్షలకే బీమా చేయించినవాడు తక్కిన పండ్రెండు లక్షలకు తానే పూచీపడినట్లని వారి నియమము. ఇక మన తరగతిలో నేర్చిన త్రైరాశికము వేయుడు: 20కి 8 అయిన, 5కు ఎంత? రెండు లక్షలు. ఆ రెండు లక్షలును మొదట బ్యాంకు అప్పునకు జమ అగును. యజమాని చేతికి దమ్మిడీ రాదు. మూడు లక్షల నష్టము మాత్రము అతని నెత్తిపై నుండును. ఇందు మోసమేమియు లేదు. పాలసీలో వ్రాసినదే జరిగినది. చదువువారే లేకపోయిరి.

ఈ కష్టమును తగ్గించుటకు మంచి మార్పొకటి వచ్చినది. సొత్తు మొత్తము విలువ 5 కోట్లకు మించని వ్యాపారములకై 2021 ఏప్రిల్ 1 నుండి “భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష” అను పాలసీ ఏర్పడినది. 5 కోట్లకు మించి 50 కోట్ల వరకు నున్నవానికి “భారత్ లఘు ఉద్యమ్ సురక్ష” కలదు. ఈ పాలసీలలో విలువకంటె బీమా నూటికి 15 పాళ్ల వరకు తక్కువైనను ఆ తక్కువను లెక్కింపరు. పై హోటలు యజమాని 17 లక్షలకు బీమా చేయించియుండిన, ఆ కారణమున అతని 5 లక్షలలో కోత పడెడిది కాదు. కాని 15 పాళ్లు దాటిన త్రైరాశికము మరల తల యెత్తును. వెలలు ఏటేట పెరుగుచున్నవి గాన, పోయిన యేటి పాలసీని అట్లే తిరిగి వ్రాయించుట మంచి పద్ధతి గాదు. వస్తువును పదేండ్ల క్రిందట కొన్న వెల గాక, నేడు క్రొత్తది కొనుటకు పట్టు వెలను వేసికొనవలెను. పాలసీ ఏ విలువపై వ్రాయబడుచున్నదో అడిగి తెలిసికొనవలెను.

ఈ పాలసీ అగ్ని, ప్రేలుడు, పిడుగు, తుపాను, వరద, భూకంపము, అల్లరులు మొదలగువానికి వర్తించును. గ్యాసు సిలిండరు ప్రేలుటయు ఇందు చేరును. ప్రమాదము జరిగిన 7 దినములలోపల, తెరచిపడియున్న దుకాణమునుండి సరకు దొంగిలింపబడిన దానికిని పరిహారము కలదు. కాని మామూలు దొంగతనమునకు వేరు పాలసీ కావలెను. ఆ పాలసీలో తాళము పగులగొట్టియో గోడకు కన్నము వేసియో బలవంతముగా చొచ్చినట్లు గుర్తులుండవలెను. తాళపుచెవి యున్న గుమాస్తా గల్లాపెట్టె ఖాళీ చేసిన అది చెల్లదు. దానికి నమ్మకద్రోహపు బీమా వేరే యున్నది.

హోటలువారికి మరి రెండు చిక్కులు. తీగెలు కలిసి గ్రైండరు మోటారు మాడిపోయిన, ఆ మోటారునకు అగ్నిబీమా పరిహారమీయదు. దానినుండి లేచిన మంట ప్రక్క వస్తువులను కాల్చిన వానికి మాత్రము ఇచ్చును. అట్లే కరెంటు పోయి ఫ్రిజ్జులోని పాలును మాంసమును చెడిన, అది అగ్నిబీమాలోని మాట గాదు. యంత్రములు చెడుటకును చల్లగా నుంచిన సరకులు పాడగుటకును ప్రత్యేక పాలసీలు దొరకును. ఐసుక్రీము అంగడివానికి అవి అవసరము. ఇడ్లీ అంగడివానికి అంత అవసరము గాకపోవచ్చును.

సొత్తు పోవుట ఒక యెత్తు, పరులకు హాని కలుగుట ఒక యెత్తు. 2022 సెప్టెంబరు 12న సికిందరాబాదులో ఒక భవనము అడుగుభాగమున నున్న విద్యుత్ స్కూటర్ల దుకాణములో మంటలు లేచి, పై అంతస్తుల లాడ్జిలో బస చేసినవారిలో 8 మంది మరణించిరి. అద్దె యింటిలో నుండు హోటలువాడు ఇంటి గోడలకు బీమా యజమానిదే యని ఊరకుండవచ్చును. కాని తన పొయ్యినుండి మంట లేచి ఇల్లు కాలిన, ఇంటివాడు తనను అడుగక మానునా? 2024 అక్టోబరులో హైదరాబాదున వీధిలో అమ్మిన మోమోలు తిని పెక్కురు జబ్బుపడగా ఒక స్త్రీ మరణించెను. ఆ నెలలోనే పచ్చిగుడ్లతో చేయు మయొనైజును తెలంగాణ ప్రభుత్వము ఒక సంవత్సరము నిషేధించెను. అన్నము పెట్టువాడు ఒక పూటలో నూరుమందికి బాధ్యుడగును. కావున పరులకు కలుగు హానికి పూచీపడు పాలసీని తీసికొనునప్పుడు, అందు ఆహారము వలన కలుగు జబ్బు చేరియున్నదో లేదో ప్రత్యేకముగా అడుగవలెను. నేల జారి పడినవానికి వర్తించు పాలసీ సాంబారు తిని పడకెక్కినవానికి తప్పక వర్తించునని అనుకొనరాదు.

పనివారి సంగతి ఇంకను ముఖ్యము. పనిలో గాయపడినవానికి యజమాని పరిహారమీయవలెనను బాధ్యత 1923 నాటి శాసనముతో మన దేశమున వచ్చి, నేటికిని నిలిచియున్నది. పదిమంది లేక అంతకెక్కువ పనివారున్న హోటళ్లు 1948 నాటి శాసనముతో పుట్టిన ఇ.ఎస్.ఐ. ఏర్పాటులో చేరవలెను. అయిదారుగురితో నడచు హోటళ్లకే చిక్కు. అచ్చట దోసె వేయు పిల్లవాడు ఒరిస్సా నుండియో బీహారు నుండియో వచ్చియుండును. జీతపు చిట్టాలో పేరైన నుండదు. వానికై పనివారి పరిహారపు బీమా చేయించుట దయాధర్మము గాదు, బాధ్యత. పాలసీలో పనివారి సంఖ్యను తగ్గించి వ్రాసి ప్రీమియములో నాలుగు రూకలు మిగిల్చుకొను యజమానులు, సలసల కాగు నూనె ఎవరిపై పడునో ముందుగా చెప్పగలరా?

కాలిన హోటలు మూడు నెలలు మూతపడిన, అద్దెయు, జీతములును, అప్పుపై వడ్డియు ఆగవు. దీనికి లాభనష్టపు బీమా కలదు. అయితే సామాన్యముగా ఇది సొత్తుకు నష్టము కలిగి, ఆ కారణమున వ్యాపారము నిలిచినప్పుడే వర్తించును. 2020 మార్చి 25 నుండి దేశమంతట తలుపులు మూయించినప్పుడు, ఏ గోడయు కాలలేదు గాన, ఈ పాలసీ మన హోటలువారికి అక్కరకు వచ్చునది కాకపోయెను. ఇంగ్లాండులో మాత్రము కొన్ని పాలసీలలో అంటువ్యాధుల నిబంధన వ్రాసియుండుటచే తగవు పెద్ద న్యాయస్థానము వరకు పోయి, 2021 జనవరి 15న తీర్పు పెక్కు అంశములలో పాలసీదారులకు అనుకూలమయ్యెను. ఒక వాక్యము ఉండుటకును లేకుండుటకును గల భేదము అంతటిది.

దరఖాస్తు కాగితమును ఏజెంటు నింపగా చివర సంతకము పెట్టుట మన అలవాటు. అది మానదగినది. వెనుక తాటాకు పాక యున్నదా, సిలిండర్లు ఎన్ని నిలువ యుంచుదురు, ప్రక్క గదిలో టపాకాయలో రంగులో అమ్ముదురా అను ప్రశ్నలకు ఉన్నదున్నట్లు చెప్పవలెను. దాచిన సంగతి పరిహారపు వేళ బయటపడిన పాలసీకే మోసము. దుకాణమును వేరు వీధికి మార్చిన వెంటనే తెలుపవలెను. పాలసీ కాగితమున నున్న చిరునామాకు కట్టుబడియుండును. ప్రీమియము ముందుగా ముట్టనిదే కంపెనీ పూచీ మొదలు కాదని శాసనమే చెప్పుచున్నది గాన, గడువు తీరిన రాత్రికిని క్రొత్త ప్రీమియము కట్టిన ఉదయమునకును నడుమ జరిగిన ప్రమాదము యజమానిదే.

ప్రమాదము జరిగిన పిదప ఆలసింపక కంపెనీకి తెలుపవలెను. సర్వేయరు చూడకముందే కాలిన వస్తువులను ఊడ్చి పారవేయరాదు; తప్పనిసరియైన మొదట ఫొటోలు తీసికొనవలెను. అగ్నిమాపక శాఖవారి పత్రము, దొంగతనమైన పోలీసువారి ఫిర్యాదు నకలు కావలెను. కొనుగోలు రసీదులును లెక్కపుస్తకమును దుకాణముతోడనే కాలిన, ఎంత సరకుండెనో ఎట్లు చూపగలము? వాని నకళ్లను ఇంటిలో నుంచవలెను, లేదా ఫోనులో ఫొటోలు తీసి మరియొకరికి పంపియుంచవలెను.

కంపెనీ పరిహారము నిరాకరించినను, తగ్గించినను ముందుగా ఆ కంపెనీకే వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. నెలదినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు సరిపడకున్నను, ఏడాదిలోపల బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును. ఒంటరి యజమానులును సూక్ష్మ వ్యాపారులును 50 లక్షల వరకు గల తగవులను అచ్చటికి తీసికొనిపోవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అవసరము లేదు. తెలుగువారికి దగ్గరి కార్యాలయము హైదరాబాదులో నున్నది.